టాక్సీ కాని కారు

లివింగ్‌స్టన్ బస్టాండులో సొంతూరు మోంగు నుంచి వచ్చిన బస్సు దిగగానే నోసికు చేసిన మొదటి పని, ఎదురుగా ఆగి ఉన్న నీలం కారు వెనక తలుపు తీసి అమ్మమ్మను కూర్చోబెట్టడం. రెండోది, స్టీరింగు ముందున్న మనిషి మీద విసుక్కోవడం.

"జలపాతానికి పోనివ్వండి. ఆ అద్దం దించండి, అమ్మమ్మకు గాలాడాలి. పాట కాస్త తగ్గించండి."

ఊళ్ళో టాక్సీలన్నీ నీలమే. ఈ కారు మాత్రం టాక్సీ కాదు. అందులో కూర్చున్న చోల్వే పశువుల డాక్టరు. చోమా నుంచి వస్తున్న మేనత్త కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ మాటే చెప్పబోయి తలెత్తితే వెనక సీటు చూపే అద్దంలో నోసికు కళ్ళు కనిపించాయి. నోరు మూసుకుని పాట తగ్గించాడు. అత్త బస్సు ఎలాగూ ఆలస్యమే, దింపేసి వచ్చేద్దామనుకున్నాడు.

దారిలో అమ్మమ్మ అతని పేరడిగింది. టోంగా తెగవాడి పేరని తెలియగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అమ్మమ్మ వాళ్ళ లోజీ తెగకూ టోంగాలకూ తాతల నాటి నుంచి బావామరదళ్ళ వరస. ఎదురుపడి వెక్కిరించుకోకపోతే అదే అమర్యాద.

"మీవాళ్ళు పెళ్ళాం కంటే ఆవునే బాగా చూసుకుంటారటగా, నిజమేనా?" అంది.

"ఆవు ఎదురు చెప్పదు కదా అమ్మమ్మా. మీ లోజీల ఇళ్ళల్లో చేపల వాసనకి పిల్లి కూడా వేరు కాపురం పెట్టిందట కదా?"

అమ్మమ్మ పగలబడి నవ్వింది. నోసికు మాత్రం పెదవి బిగించి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బుగ్గ మీది సొట్ట దాగలేదు. చోల్వే ఆ సొట్టను చూస్తూ ఒక మలుపు తప్పాడు కూడా.

జలపాతం దగ్గర దింపి వెళ్ళిపోవాల్సినవాడు, నడవడానికి చెయ్యి కావాలని అమ్మమ్మ అనగానే ఉండిపోయాడు. ఏప్రిల్ నెల, జాంబేజీ నది నిండుగా ఉంది. లోయలోంచి పైకి లేచిన తుంపర, వాన తలకిందులై కురుస్తున్నట్టుంది. ఇంతలో ఒక బబూన్ కోతి అమ్మమ్మ ఎండుచేపల పొట్లం లాక్కుపోయింది. చోల్వే దాని వెంటపడి బురదలో కాలు జారి చతికిలబడ్డాడు. నోసికు ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వింది.

సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. మేనత్త గొంతు జలపాతాన్ని మించిపోయింది.

"ఊళ్ళో పశువులన్నిటికీ డాక్టరువి, మేనత్తను మాత్రం ఎండలో కట్టేసి పోయావా?"

నోసికు నవ్వు ఆగిపోయింది. "మీరు టాక్సీ డ్రైవరు కాదా?"

"కాదు."

"మరి ముందే చెప్పలేదేం?"

"చెబితే దిగిపోయేవారు."

ఆమెకు సిగ్గూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కారు వెనక్కి బయల్దేరగానే బస్టాండులో దిగిపోయి ఏదైనా లాడ్జి చూసుకుంటామని చెప్పింది. మర్నాడు పొద్దున్నే వాళ్ళ బస్సు. చోల్వేకి గుండెలో రాయి పడింది.

మేనత్త పెరుగు డబ్బా ఒళ్ళో పెట్టుకుని చెట్టు కింద కూర్చుని ఉంది. వెనక సీట్లో అమ్మమ్మను చూసి, ఈ లోజీ ముసలమ్మ ఎవరని అడిగింది. టోంగాల కారులో కాలు పెట్టిన పుణ్యాత్మురాలినని అమ్మమ్మ బదులిచ్చింది. ఇద్దరూ వరస కలుపుకుని తిట్టుకుంటూ పెరుగు డబ్బా సగం ఖాళీ చేశారు. తనను ఎండలో కూర్చోబెట్టి వీళ్ళకు జలపాతం చూపించాడని తెలియగానే అత్త కారు మళ్ళీ జలపాతానికే తిప్పమంది. నోసికు దిగుదామంటే అమ్మమ్మ కదలలేదు.

ఈసారి ముసలమ్మలిద్దరూ ఒకే రెయిన్‌కోటు కప్పుకుని, లోయ మీది సన్నటి వంతెన పైన ముందు నడిచారు. వెనక వీళ్ళిద్దరూ తల నుంచి కాళ్ళదాకా తడిసిపోయారు. హోరులో మాట వినిపించదు. చోల్వే ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"తప్పు నాదే. అత్త తిడుతుందని తెలిసే వచ్చాను. ఈ రోజు మళ్ళీ మొదలైనా నేను ఇదే చేస్తాను."

నోసికు కనురెప్పల మీది నీళ్ళు తుడుచుకుంది. 

"మోంగులో పశువులకు జబ్బులు చేయవనుకుంటున్నావా నువ్వు?" అంది.

మొదటిసారి 'నువ్వు' అంది. చోల్వేకి ఆ ఒక్క మాటే వినిపించింది. ప్రశ్న అర్థమవడానికి రాత్రంతా పట్టింది. పొద్దున వాళ్ళ బస్సు కదిలాక ఆమె ఫోను నెంబరు కూడా తీసుకోలేదని గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. నోసికు మోంగులో ఒక బడిలో పంతులమ్మ అని దారిలో అమ్మమ్మ చెప్పిన మాట ఒక్కటే మిగిలింది.

జూలైలో ఒక మధ్యాహ్నం మోంగులో, నోసికు చేతులనిండా సుద్దతో బడి గేటు దగ్గరికి వచ్చింది. బయట చోల్వే నిలబడి ఉన్నాడు. ఊళ్ళో బడులన్నీ వెతుక్కుంటూ వచ్చినవాడిలా చొక్కా దుమ్ముకొట్టుకుపోయి ఉంది.

"సెలవు మీద వచ్చావా?" అని అడిగింది.

"బదిలీ మీద."

ఆమె సుద్ద చేతిని అతని గుండెల మీద ఆనించి, అక్కడే ఉంచేసింది. లోపల గంట కొట్టారు. ఇద్దరూ కదలలేదు.