యాదవ్వ పంచిన గోలి

డాక్టర్ ప్రభుదాసును తెల్లారకముందే కామారెడ్డిలో, ఆయన కారులోనే, విషపు సూది పొడిచి చంపారు. గంటలోపే ఏజెంట్ సైమాకు చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది.

"కొలెస్ట్రాల్ తగ్గించే చవక గోలి. క్యాన్సర్ గడ్డలో వంకర్లు పోయిన రక్తనాళాలను చక్కదిద్దుతుంది. అప్పుడు కీమో మందు గడ్డ లోపలిదాకా చేరుతుంది. ప్రభుదాసు మూడు వందల మంది మీద ట్రయల్ చేస్తున్నాడు. అది గెలిస్తే ఒక విదేశీ ముఠా ఖరీదైన ఇంజెక్షన్ మూలన పడుతుంది. అందుకే పదిమంది డబ్బాల్లో విషం గోలీలు పెట్టించారు. పది శవాలు లేస్తే ట్రయల్ బంద్."

"ఏ పదిమంది?"

"పల్లవికే తెలుసు."

పల్లవి ట్రయల్ కోఆర్డినేటర్. పైకి చీఫ్‌కు ఇన్ఫార్మర్, లోపల ఆ ముఠాకు ఏజెంట్. మధ్యాహ్నానికి ఎల్లారెడ్డి రోడ్డు మీద, సైమా వ్యాన్‌లో బేడీలతో కూర్చుంది. లిప్‌స్టిక్ చెదరలేదు.

"బువ్వ తిన్నంక గోలి ఏస్కుంటరు," అంది నవ్వుతూ. "మూడు వందల ఇండ్లు తిరుగుతవా?"

సైమా ఫోన్ ఆమె ముందు పెట్టింది. ఎల్లారెడ్డిలో దుప్పట్లమ్మే వేషంలో ఉన్న తన సహ ఏజెంట్ అబ్బాస్ చొక్కా గుండీలోని కెమెరా చూపే దృశ్యం. తెర మీద పేషెంట్ యాదవ్వ ప్రహరీ మీదుగా చేయి చాపింది.

"వదినె, నీకూ కొలెస్ట్రాలేనాయె. రోజు లెక్కనే గిదొకటి ఏస్కో."

అటువైపు చేయి పల్లవి తల్లి సుభద్రమ్మది.

పల్లవి నవ్వు ఆగింది. "అవ్వా, మింగకు."

"అబ్బాస్‌కు వినవడదు. మన దిక్కు మైక్ బంద్ చేసిన," అంది సైమా. "ఇంటికి పోక ఎన్నేండ్లాయె? పక్కింటి యాదవ్వ బువ్వ తిని పెరిగినవు. ఆమె డబ్బలనే విషం పెట్టినవు. ఆమె ఏదైనా పంచుకోకుంట తినదని యాదికి లేదా? పేర్లు చెప్పు."

సుభద్రమ్మ చెంబు ఎత్తింది. పల్లవి పది పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పింది. మొదటిది యాదవ్వ.

సైమా తెర వైపు చూడకుండా మిగతా తొమ్మిదీ వైర్‌లెస్‌లో చదువుతోంది. తెర మీద సుభద్రమ్మ గోలి మింగి మూతి తుడుచుకుంది.

"చెప్పిన కదనే," పల్లవి బేడీలను సీటుకేసి కొట్టింది. "దవాఖానకు తీస్కపొమ్మను. నీ కాల్మొక్త."

సైమా వైర్‌లెస్‌ను చెవి దగ్గరే ఉంచింది. తాడ్వాయి నుంచి, నాగిరెడ్డిపేట నుంచి ఒక్కొక్కరే దొరుకుతున్నారు. చివరికి గాంధారి తండాలో ఒక ముసలాయన నాలుక మీది గోలిని ఉమ్మేశాడని కబురొచ్చింది. అప్పుడు వైర్‌లెస్ కింద పెట్టి, నీళ్లు తాగి, ఇటు తిరిగింది.

"విషముందో లేదో తెల్వకున్నా, మీ పక్కిల్లని యాదవ్వ డబ్బ పొద్దుగాలనే మార్చినం. మీ అవ్వ మింగింది ఉత్త చక్కెర బిళ్ల."

"మా అవ్వకు షుగరున్నది," అంది పల్లవి.

"చెప్త," అంది సైమా, "ఇయ్యాల చాయ్‌ల చక్కెర ఏస్కోవద్దని."