అరుంధతి ఇచ్చిన సీటు

దోహాలో సెలవు రోజైన ఆ శుక్రవారం ఉదయం నిరంజన్ కారు తుడిచి ఫ్లాట్‌లోకి వచ్చేసరికి, ప్రతిమ హాల్లో కూర్చుని పసిపిల్లల కారు సీటు గుడ్డ విప్పుతోంది. మూడు నెలల పాపను మొదటిసారి బయటికి భోజనానికి తీసుకెళ్ళే రోజది. ఆ సీటు నిరంజన్ అక్క అరుంధతి ఇచ్చింది. ఆమె కొడుకు మనీష్ అందులోనే పెరిగాడు.

గుడ్డ కింద ప్లాస్టిక్ మీద తెల్లగా ఒక గీత కనిపించింది. ప్రతిమ వేలితో నొక్కితే అక్కడ లోపలికి వంగింది. ప్రమాదానికి గురైన సీటును మళ్ళీ వాడకూడదని కాన్పు సమయంలో నర్సు చెప్పిన మాట గుర్తొచ్చి, కొత్తది కొందామంది. నిరంజన్ ఒప్పుకోలేదు. దోహా వచ్చిన కొత్తలో తనను ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుని చూసుకున్న అక్క ఆమె. ఆమె ఇచ్చినదాన్ని పక్కన పెడితే నొచ్చుకుంటుందని అతని భయం. పాత వస్తువులకు గీతలుండవా అన్నాడు.

ఎండెక్కాక అరుంధతి, ఆమె భర్త శ్రీరామమూర్తి వచ్చారు. మనీష్‌ను తమ పక్కింటి బిల్కిస్ దగ్గర వదిలి వచ్చారు. అందరూ కలిసి వెస్ట్ బేలో ఓ హోటల్లో భోంచేయాలని అనుకున్నారు. కింద నిరంజన్ తన చిన్న కారులో ముందు సీటును డాష్‌బోర్డు దాకా జరిపి, వెనక ఆ సీటును ఇరికించి బిగించాడు.

ప్రతిమ పాపను భుజాన వేసుకుని నిలబడింది. "వదినగారూ, ఏమీ అనుకోకండి. ఈ సీటు ఎప్పుడైనా యాక్సిడెంటయిన కార్లో ఉందా?"

అరుంధతి ముఖం బిగుసుకుంది. "లేదు. నా కొడుకు కూర్చున్నది నీ కూతురికి పనికిరాదా ప్రతిమా?"

తమ కారుకు ఇన్నేళ్ళలో ఒక్క గీతా పడలేదని శ్రీరామమూర్తి నెమ్మదిగా అన్నాడు. నిరంజన్‌కు తల కొట్టేసినట్టయింది. ఇక మాట పెంచవద్దని భార్యతో చెప్పి పాపను తీసుకున్నాడు. అందరి ముందూ పెనుగులాడలేక ప్రతిమ వదిలేసింది. కానీ కారెక్కలేదు. మూయనివ్వకుండా తలుపు పట్టుకుని నిలబడింది.

అతను పాపను కూర్చోబెట్టి, భుజాల మీదుగా పట్టీలు లాగి, పొట్ట దగ్గర బిగించాడు. అరుంధతి చూస్తూ ఉండిపోయింది.

"దించరా," అంది మెల్లగా. అతను వినిపించుకోలేదు. "నిరంజన్, పాపను దించు."

అతను పట్టీలు విప్పి పాపను ఎత్తుకున్నాక, ఆమె ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. మామగారి కర్మలకు భర్త కాకినాడ వెళ్ళినప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగివున్న ఆమె కారును వెనక నుంచి ఓ పికప్ వ్యాను గుద్దింది. వెనక ఈ సీట్లోనే కూర్చున్న మనీష్‌కు ఏమీ కాలేదు. తండ్రిని పోగొట్టుకున్న మనిషికి ఆ కబురు చెప్పలేక, ఆయన వచ్చేలోగా కారు బాగు చేయించింది. సీటు పారేస్తే ఎందుకని అడుగుతాడు. అందుకే భయపడుతూనే కొడుకును అందులో కూర్చోబెట్టేది.

"ఆయన ఎదుటే నువ్వీ సీటు అడిగావురా. ఏమని కాదనను? కానీ పాపకు ఆ పట్టీలు బిగిస్తుంటే చూడలేకపోయాను."

శ్రీరామమూర్తి భార్య వైపు తిరిగాడు. "నేను కోప్పడతాననుకున్నావా?" అన్నాడు.

"కాదు. అప్పటికే మీరు తిండి మానేశారు. ఇది కూడా ఎందుకని."

ఆయన కారులోకి వంగి సీటు విప్పడం మొదలుపెట్టాడు. ఇది మళ్ళీ ఎవరి చేతికీ పోకూడదు, పట్టీలు కోసి పారేద్దాం అన్నాడు. నిరంజన్ భార్య దగ్గరికి వచ్చి, నీ మాట వినాల్సింది అన్నాడు.  ప్రతిమ పాపను అతని చేతుల్లోంచి తీసుకుని, అరుంధతికి అందించింది.

అరుంధతి చేతులు చాచలేదు. "నీతో అబద్ధమాడాను ప్రతిమా."

"చివరికి ఆపింది మీరే కదా వదినా. పట్టుకోండి."

పాపను గుండెకు హత్తుకోగానే అరుంధతికి ఏడుపు ఆగలేదు. ప్రతిమ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. మగవాళ్ళను కొత్త సీటు తెమ్మని పంపింది. హోటల్ భోజనం ఇంకో శుక్రవారం చూసుకోవచ్చు, ఇవాళ అన్నం నేనే వండుతాను అంటూ వదినను పైకి తీసుకెళ్ళింది.