మూడు బేరాలు చెడగొట్టినవాడు

"మా ఇంటికి వీధిపోటు ఉందని చెప్పింది నువ్వేనా?"

జగ్గయ్యపేటలో కొత్త అపార్ట్‌మెంట్ ముందు పెద్ద గొడుగు పాతుకుని ఫ్లాట్లు అమ్మే నవీన్‌బాబు తలెత్తాడు. ఎదురింటి కృష్ణప్రియ! చినుకుల్లో తడుస్తూ, చున్నీ నడుముకు బిగించి మరీ వచ్చింది. కోపంలో ఇంకా బావుంది. అతనికి వచ్చిన చిక్కల్లా అదే.

"ఊరికే... డౌటు చెప్పానండి."

"మా గుమ్మానికి ఎదురుగా వీధే లేదు! ఇంక పోటెక్కడిది? మూణ్ణెల్లలో మూడు బేరాలు చెడగొట్టావ్. పోనీ వాళ్ళకి నీ ఫ్లాటన్నా అమ్మావా?"

"లేదండి."

"మరి నీకేంటి లాభం?"

నవీన్‌బాబు చేతిలో బ్రోషర్లు సర్దుకున్నాడు.

చుట్టూ లిఫ్టుల బిల్డింగులు లేచాక ఆ పాత పెంకుటింటిని చూడ్డానికి వచ్చేవాళ్ళే తక్కువ. అది అమ్ముడైతేగాని ఊరు కదలనని ప్రియ తల్లి రత్తమ్మ పట్టు. ప్రియకేమో వేరే ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది; అక్కడే ఉండాలని షరతు, తల్లిని వదిలి వెళ్ళలేదు. సోమవారం చేరకపోతే అది కాస్తా పోతుంది.

"ఇల్లు అమ్ముడైతే మీరు వెళ్ళిపోతారుగా," అన్నాడు చివరికి, చేతిలో బ్రోషర్లకు చెబుతున్నట్టు. "మీరు కనపడకపోతే నాకు పొద్దు గడవదండి. మీరంటే ఇష్టం."

ప్రియ కోపం కోసం వెతుక్కుంది. దొరకలేదు. నువ్వు కాస్తా మీరైపోయింది.

"ఎక్కడికెళ్తున్నానో అడిగారా?"

"హైదరాబాదేగా?"

"నందిగామ."

నవీన్‌బాబు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "మాది నందిగామేనండీ! రోజూ పొద్దున్నే బస్సెక్కి, చిల్లకల్లు మీదుగా వస్తున్నా!"

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది," అని ప్రియ పకపకా నవ్వింది.

మర్నాడు ఫ్లాటు చూడ్డానికొచ్చిన దంపతులకు అతను ముందు అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళిచ్చాడు. వాళ్ళు మొహాలు చిట్లించారు. రోడ్డు దాటించి రత్తమ్మ బావి నీళ్ళిచ్చాడు. ఇంకో గ్లాసు అడిగారు.

"వీధిపోటుందని నేనే పుకారు పుట్టించానండి. అబద్ధం," అని చెంపలేసుకున్నాడు కూడా.

మధ్యాహ్నానికి పెంకుటింటి అగ్రిమెంటు అయిపోయింది. మేనేజరు ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే ఉద్యోగం ఊడుతుందని తెలిసినా నవీన్‌బాబు మొహంలో నవ్వు చెరగలేదు.

"సామాన్లకి లారీ ఎవరు మాట్లాడతారు?" అంది రత్తమ్మ.

"నేనండి."

"అక్కడ అద్దిల్లో?"

"మా పక్కిల్లు ఖాళీగా ఉందండి."

"ఎన్నాళ్ళకి తీసుకుందామే?" అని కూతుర్ని అడిగింది.

"ముహూర్తం దాకా చాలమ్మా," అనేసి ప్రియ నాలుక్కరుచుకుంది.

రత్తమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. కొంగుతో నవ్వు దాచుకుంది.

"మీ అమ్మ నంబరియ్యి బాబూ. ఇలాంటివి పెద్దవాళ్ళం మాట్లాడుకోవాలి."