సుగంధి పేరున్న చీటీ

సోమవారం సాయంత్రం గులాబీల షెడ్డు నుంచి సుగంధి ఇంటికొచ్చేసరికి, తమ గడప ముందు ఎవడో బియ్యం మూట దించుతున్నాడు. ఆమెకు ముందు కనబడింది అతని వీపు. ఇల్లు తనదే అన్నంత ధీమాగా ఉంది ఆ వీపు.

“ఎవురప్పా నువ్వు? ఏంది ఇదంతా?”

అతను తిరిగి చూశాడు. పాతికేళ్లుంటాయి. నుదుట విభూతి, చెవి వెనక పెన్ను.

“సుగంధి అంటే మీ ఇంట్లో ఎవురమ్మా?”

“నేనే.”

“అయితే ఈడ ఒక సంతకం పెట్టు. బియ్యం పది కిలోలు, దుప్పటి ఒకటి, నూనె ప్యాకెట్టు ఒకటి. చర్చి నుంచి పంపించినారు, పేదోళ్లకు.”

ఆ చివరి మాట లోపల వంటింట్లో ఉన్న చౌడమ్మ చెవిన పడింది. సుగంధి తల్లి ఆమె. గరిటె కింద పెట్టే తీరిక కూడా లేకుండా బయటికొచ్చింది.

“ఎవురప్పా పేదోళ్లు? మా ఇంట్లో ఫ్రిడ్జు ఉండాది, చూస్తావా?”

చూడమన్నారు కదా అని అతను నిజంగానే మెడ చాచి చూశాడు. “ఉండాదమ్మా. పెద్దదే,” అని ఒప్పుకున్నాడు.

సుగంధికి నవ్వు ఆగలేదు. చౌడమ్మకు మాత్రం రాలేదు. అతను కంగారుగా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించాడు.

“నాదేం తప్పు లేదమ్మా. నిన్న చర్చిలో మోహన్‌కుమార్ ఒక గిన్నె పెట్టి, ఒకటి తీసుకో, ఎవురికీ చెప్పొద్దు అన్నాడు. తీసినాను. ఈ పేరే ఉండాది. పేదోళ్ల పేర్లు నలుగురికీ చెప్పకూడదు, అది మంచి పద్ధతే అనుకున్నాను.”

అప్పుడు అర్థమైంది సుగంధికి. తాను కూడా ఉన్న చర్చి యూత్ గ్రూపులో ఏటా డిసెంబరు మొదటి ఆదివారం అందరి పేర్లూ చీటీల మీద రాసి గిన్నెలో వేస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లు మనకు క్రిస్మస్ ఫ్రెండు. పండగ ముందరి ఆదివారం దాకా వాళ్లకు తెలియకుండా ఏదో ఒక మంచి చేస్తూ ఉండాలి. ఆ రోజున లేచి నిలబడి, నీ ఫ్రెండుని నేనే అని చెప్పి ఒక కానుక ఇవ్వాలి. చిన్నప్పటి నుంచి ఆ చర్చిలో పెరిగిన వాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. అందుకే ఇతనికి ఎవరూ చెప్పలేదు.

ఇతని పేరు వేలు. అత్తిముగం వాడు. కృష్ణగిరి వైపున్న పోచంపల్లి నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ హోసూరుకు చిన్న టెంపోలో కూరగాయలు తోలుతాడు. చర్చి గడప తొక్కడం అతనికి అదే మొదటిసారి. అంచెట్టి కొండ ఊళ్లకు దుప్పట్లు తీసుకెళ్లడానికి బండి కావాలని గ్రూపు సెక్రటరీ మోహన్‌కుమార్, స్నేహం కొద్దీ లాక్కొచ్చాడు. పంచాల్సిన సరుకులో కొంత ముందే బండికెక్కించి, ఆ వెంటనే చీటీ కూడా తీయించాడు. రెండూ ఒకే పని కాబోలనుకున్నాడు వేలు.

సుగంధి గిన్నె సంగతంతా చెప్పింది. విన్నకొద్దీ అతని ముఖం ఎర్రబడింది.

“అంటే నీకు తెలీకూడదా?”

“తెలీకూడదు.”

“తెలిసిపోయింది కదమ్మా!”

“నాకు తెలీదనుకో. నువ్వు ఈడికి రానేలేదనుకో.”

“సరే. నేను రాలేదు,” అన్నాడు వేలు చాలా సీరియస్‌గా. మూట భుజానికెత్తుకుని వెనక్కి తిరిగాడు. గుమ్మానికి వేలాడుతున్న వెదురు నక్షత్రం తలకు తగిలింది. దానికి కూడా సారీ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ నక్షత్రం కట్టింది సుగంధి తండ్రి మారియప్ప. ఒకప్పుడు వెదురు బుట్టలల్లిన చేతులు, ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు తెరిచి మూస్తున్నాయి. ఆయన మారియమ్మ గుడికి పోతాడు, భార్య చర్చికి పోతుంది. ప్రేమించి పెళ్లి చేసుకున్న రోజు నుంచీ ఇదే ఏర్పాటు. అయినా డిసెంబరు వస్తే చర్చి మొత్తానికీ నక్షత్రాలు కట్టేది మారియప్పే.

బుధవారం నుంచి మొదలైంది. షెడ్డు గేటు దగ్గర నిలిపిన స్కూటీ హ్యాండిల్‌కు ఒక సంచి వేలాడుతోంది. అందులో మందపాటి తోలు తొడుగులు. రోజంతా గులాబీ కాడలు ఏరి కట్టలు కట్టే సుగంధి వేళ్లు ఎప్పుడూ ముళ్ల గీతలతోనే ఉంటాయి. సంతకం పెట్టమని పెన్ను చాచినప్పుడు చూసి ఉంటాడు. శుక్రవారం స్కూటీ చిరిగిన సీటుకు కొత్త కవరు. శనివారం, వారం రోజులుగా మూగబోయిన హారన్ నొక్కితే గట్టిగా మోగి, పక్కన పడుకున్న కుక్క లేచి పరుగెత్తింది.

మొదట్లో ఆమెకు సరదాగా ఉంది. ‘పాపం, చీటీ మాట ఎంత బుద్ధిగా నిలబెట్టుకుంటున్నాడు’ అనుకుంది. కానీ సాయంత్రం ఐదింటికి గేటు వైపు పరుగెత్తడం మొదలెట్టాక, అదే ఆలోచన ముల్లులా గుచ్చుకోసాగింది. ఇదంతా తనకా, తన పేరున్న చీటీకా? గిన్నెలోంచి ఇంకో పేరు వచ్చి ఉంటే, ఆ ఇంకో పిల్ల హారన్ కూడా ఇలాగే మోగేది కదా!

సరిగ్గా ఆ వారమే కృష్ణగిరి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు మంజునాథ్, స్కూల్లో టీచరు. తెచ్చింది చౌడమ్మ వదిన అంబిక. క్రిస్మస్ లోపల మాట చెప్పాలంది.

“ఏం చెప్పమంటావే?” అంది చౌడమ్మ.

“పండగ ముందరి ఆదివారం దాకా ఆగమ్మా.”

“ఆ ఆదివారానికేముంది?”

ఏముందో సుగంధికే తెలియదు. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే ఏమీ లేదు. ఒక చీటీని నమ్ముకుని సంబంధం ఆపుకున్న పిల్ల లోకంలో తనొక్కతేనేమో అని భయం కూడా వేసింది.

రెండో ఆదివారం అంచెట్టి కొండలకు వెళ్లారు. వెనకాల దుప్పట్ల మీద యూత్ అంతా ఎక్కి పాటలు. ముందు సీట్లో వేలు, కిటికీ పక్కన సుగంధి, ఇద్దరి మధ్యలో పాపక్క. అరవై దాటినా యూత్ గ్రూపును వదలని మనిషి పాపక్క. చీటీల గిన్నెకు కాపలా ఆమెదే. బండి హోసూరు దాటకముందే ఆమె నిద్రపోయింది.

ఆఖరి ఊరికి రోడ్డు లేదు. రాళ్ల బాటలో నడుస్తుంటే సుగంధి చెప్పు తెగింది. ఎక్కడి నుంచి వచ్చాడో వేలు వచ్చి, పక్కన కూర్చుని, జేబులోంచి ఇనప తీగ తీసి కట్టడం మొదలుపెట్టాడు. సన్నగా వాన తుంపర పడుతోంది. అతను తల ఎత్తకుండా పని చేస్తుంటే, ఆ వంచిన మెడ మీద పడే చినుకులను లెక్కపెట్టింది సుగంధి. పదకొండు దాకా లెక్కపెట్టి, ఇది మంచి పని కాదని ఆపేసింది.

“ఇది కూడా చీటీలో రాసి ఉండాదా అప్పా?”

“ఏ చీటీ?”

“ఓ, మరిచినాను. నాకు తెలీదు కదా.”

“నాకూ తెలీదు,” అని నవ్వాడు. ఆ నవ్వుకు అర్థమేమిటో దేవుడికే ఎరుక.

“ఆదివారం వస్తే ఇదంతా అయిపోతుంది. ఆమీద ఏం చేస్తావు?”

“ఏముంది, బండి తోలుకుంటాను.”

సుగంధికి ఒళ్లు మండింది. ఇంకేం అంటాడని ఎదురుచూసిందో ఆమెకే తెలియదు, కానీ ఇది మాత్రం కాదు.

“నాకు కృష్ణగిరి నుంచి సంబంధం వచ్చినాది.”

వేలు చేతిలో తీగ పుటుక్కున తెగింది. ఇంకో ముక్క తీశాడు.

“మంచోళ్లా?”

“మంచోళ్లే.”

“అయితే మంచిదే కదమ్మా.”

అంతే. సగం కట్టిన చెప్పు అతని చేతిలోంచి లాక్కుని, చంకన పెట్టుకుని, ఒంటి చెప్పుతో ఆ రాళ్ల బాటంతా నడిచింది సుగంధి. తిరుగుదారిలో వెనకాల దుప్పట్లు ఖాళీ అయిన చోట కూర్చుని, అందరికంటే గట్టిగా పాడింది. ఏ పాట పాడిందో మాత్రం గుర్తులేదు.

మరుసటి రోజు స్కూటీకి వేయించిన వేరుశనగల పొట్లం వేలాడుతోంది, ఇంకా వెచ్చగా. విసిరేద్దామనుకుంది. కోపం వేరు, వేరుశనగలు వేరు అని సర్దిచెప్పుకుని, గేటు దగ్గరే నిలబడి మొత్తం తినేసింది. సంబంధం మంచిదే అన్నవాడు వేరుశనగలెందుకు పెడతాడు? చీటీ కోసమే. ఇంకెందుకు? ఇంటికొచ్చి, కృష్ణగిరి సంబంధానికి సరేనని తల్లితో చెప్పేయాలనుకుంది. నోరు తెరిచింది కూడా. “సాంబార్లో ఉప్పు తక్కువైందమ్మా,” అని మాత్రం వచ్చింది.

ఆ ఆదివారం రానే వచ్చింది. ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం భోజనాలకు ముందు, చర్చి హాల్లో అందరూ గుండ్రంగా కూర్చున్నారు. తలుపు దగ్గర మారియప్ప నిచ్చెనెక్కి ఆఖరి నక్షత్రం కడుతున్నాడు. చౌడమ్మ బిరియాని గిన్నెల దగ్గర ఉంది. సుగంధి కొత్త చీర కట్టుకుంది. వేలు లేచి వచ్చి తన చేతిలో ఏదో పెడతాడు, అందరూ చప్పట్లు కొడతారు, ఆట అయిపోతుంది. సాయంత్రం తాను కృష్ణగిరికి సరేననాలి. మనసులో ఇలా వరసగా పేర్చుకుంది.

మోహన్‌కుమార్ పేరు పిలిచాడు. వేలు లేచాడు. చేతిలో పొట్లం ఉంది. నేరుగా వచ్చాడు. సుగంధిని దాటి వెళ్లిపోయాడు. డ్రమ్స్ వాయించే ముత్తప్ప ముందు ఆగి, “నీ ఫ్రెండుని నేనే అప్పా,” అని మంకీ క్యాపు చేతిలో పెట్టాడు.

చప్పట్లు మోగాయి. సుగంధి చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

తర్వాత పాపక్క మోకాళ్లు పట్టుకుని లేచింది. “సుగంధికి నేనే బిడ్డా ఫ్రెండుని. తిట్టుకోవద్దు. ఒకటీ చేయలేదు, అంతా మరిచిపోయినాను. ఈ సోపు డబ్బా తీసుకో.”

“పాపక్కా, మరి తొడుగులు?”

“ఏ తొడుగులు?”

“సీటు కవరు? హారన్? వేరుశనగలు?”

“నాకు స్కూటీ ఎక్కేదే రాదు, హారన్ యాడ బాగుచేస్తాను!”

“నా చీటీ ఆయనకు కదా వచ్చినాది?”

“అదా! మీ ఇంటికి మూట తెచ్చినాడు చూడు, ఆ మరుసటి రోజే ఏడుపు ముఖం పెట్టుకోని వచ్చినాడు. రహస్యం బయటపడితే చీటీ చెల్లదు కదమ్మా. నాకొచ్చిన ముత్తప్ప చీటీ వాడికిచ్చి, నీ చీటీ నేను తీసుకున్నాను. ఈ రోజు దాకా నోరు తెరవకూడదని ఒట్టు వేయించినాను.”

సుగంధి లెక్క వేసుకుంది. చీటీ మారింది మంగళవారం. తొడుగులు వచ్చింది బుధవారం. ఇంకోసారి వేసుకున్నా లెక్క మారలేదు. సోపు డబ్బా పాపక్క చేతిలోనే వదిలేసి బయటికి నడిచింది.

వేలు బండి దగ్గర నిలబడి, ఏమాత్రం దుమ్ము లేని అద్దాన్ని తుడుస్తున్నాడు.

“ఎందుకు చేసినావు అదంతా?”

“నీ వేళ్లు చూసినాను... చేయాలనిపించింది.”

“చీటీ కోసమనుకున్నాను కదా నేను!”

“నువ్వు అట్ల అనుకున్నావని నాకు యాడ తెలుసు? ‘నాకు తెలీదు’ అని నవ్వుతా ఉంటివి. చీటీ మారిన సంగతి తెలిసే నవ్వుతావనుకుంటిని.”

“మరి సంబంధం మంచిదే అన్నావే!”

“ఇంకేమనాల? వద్దు అనేదానికి నేనెవురు?”

అద్దం తుడిచే గుడ్డను సుగంధి లాగేసుకుంది. “ఇప్పుడు నేనే అడుగుతాండాను. వాళ్లకు సాయంత్రం మాట చెప్పాల. ఏమని చెప్పేది?”

వేలు ఆమె వైపు చూశాడు. బిక్కముఖమే, కానీ చూపు మాత్రం పక్కకు తిప్పలేదు.

“వద్దను సుగంధీ. నువ్వంటే నాకు ఇష్టం.”

ఇన్నాళ్లూ ‘అమ్మా’ అన్న నోటిలోంచి తన పేరు రావడం వినగానే సుగంధికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతని చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి, బిరియాని గిన్నెల ముందు నిలబెట్టింది.

“అమ్మా, కృష్ణగిరోళ్లకు వద్దని చెప్పు.”

కూతురు పట్టుకున్న ఆ చెయ్యిని చూసింది చౌడమ్మ, అతని ముఖం చూసింది. “నువ్వా!” అంది. మారియప్ప నిచ్చెన దిగి వచ్చాడు.

“ఏమప్పా, నువ్వు గుడికా, చర్చికా?”

“గుడికే పోతానయ్యా,” అన్నాడు వేలు భయంగా.

మారియప్ప భార్య వైపు తిరిగాడు. “ఇన్నేళ్లు నాతో వేగినావు కదా చౌడీ. మన పాప కూడా వేగుతాదిలే.”

చౌడమ్మ బిరియాని గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టింది. వరసగా అందరూ విస్తళ్ల ముందు కూర్చుంటున్నారు. చివరికి పెరుగుపచ్చడి బకెట్టు తీసి వేలు చేతిలో పెట్టింది. “ఊరికే నిలబడితే ఎట్లప్పా? పో, వడ్డించు,” అంది. తర్వాత కొంగుకు చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది.

“వదినా, ఆ సంబంధం వద్దంటాంది మా పిల్ల... కోపం చేసుకోవద్దు... కారణమా?” వరస మధ్యలో వంగి, ఒక్కో విస్తట్లో రెండేసి గరిటెలు వేస్తున్న వేలు వైపు చూసింది చౌడమ్మ. “కారణం ఈడనే ఉండాడు. పచ్చడి వడ్డిస్తాండాడు.”