లెన్సు మీద వసంతం

"ఇది పెడితే మీ లెన్సుకు ఫికరే ఉండది మేడం. మస్తు ఫిల్టర్," అన్నాడు పృథ్వీరాజ్.

"నోటిమాటకు కొనను. దీపం ముట్టించు," అంది నాగరాణి.

జహీరాబాద్ బస్టాండు దగ్గరి ఆ కెమెరా షాపులో అగరుబత్తి తప్ప మరొకటి ముట్టించిన పాపాన పోలేదు పృథ్వీరాజ్. బిత్తరపోయి చూశాడు.

నాగరాణిది ఉడుంపట్టు. రేపు కోహీర్‌లో ఆమెకు మొదటి పెళ్లి ఆర్డరు. ఆ పెళ్లివారు వసంతం ఆడటంలో పేరుమోసినవాళ్లు. పసుపునీళ్లు బిందెలతో కుమ్మరించుకుంటారు, ఫొటో తీసేవాళ్లనూ వదలరు. కెమెరాకు కవరు చుట్టొచ్చు, లెన్సు ముఖానికి చుట్టలేం కదా! ఉన్నది ఒక్క లెన్సు. అది పాడైతే మళ్లీ జిరాక్స్ సెంటర్లో పాస్‌పోర్టు ఫొటోలే గతి. పోనీ ఏదో ఒక ఫిల్టరు అద్దం బిగిద్దామంటే, నాసిరకంది ఆరతి వెలుగుకు పెళ్లికూతురి ముఖం మీద లేనిపోని దొంగ దీపం చూపిస్తుంది. మొదటి ఆల్బమే అట్లా వస్తే రెండోసారి ఎవరు పిలుస్తారు?

"ఈ కొవ్వొత్తి పళ్లెంల పెట్టుకొని గోడకాడ నిలబడు. నువ్వే పెండ్లికూతురివి."

"నేనా! గడ్డం ఉన్నది గద మేడం?"

"గడ్డంతోని నాకేం పని? సిగ్గుపడ్డట్టు జర తల దించు."

పాపం, లైట్లు ఆర్పి తల దించాడు. మొదటి ఫిల్టరుకు ఫొటోలో అతని చెంప మీద పచ్చటి దీపం వెలిగింది. రెండోదానికి ముక్కు మీద. మస్తు అని పొగిడినదానికైతే సరిగ్గా నుదుటి నడుమ! నాగరాణి పగలబడి నవ్వింది. అతనికి కోపం రావాలి, అతనూ నవ్వాడు. ఆ నవ్వు బాగుందని, అవసరం లేకపోయినా ఆమె ఇంకో రెండు ఫొటోలు తీసింది.

"ఇంకోటి చూపియ్యి."

"అయిపోయినయ్ మేడం."

"అయితే ఇప్పుడే హైదరాబాద్ పోత." బ్యాగు భుజాన వేసుకుంది.

"ఆగున్రి!"

లోపలి నుంచి తన సొంత కెమెరా తెచ్చాడు. దాని ఫిల్టరు విప్పి ఆమె లెన్సుకు బిగించి, చెప్పకుండానే మళ్లీ పళ్లెం పట్టాడు. ఈసారి దొంగ దీపం లేదు. ముఖం ఒక్కటే ఉంది. నాగరాణి ఆ ఫొటోను కాసేపు చూసింది.

"అమ్ముతవా?"

"అమ్మను. పని అయినంక తెచ్చియ్యున్రి. మీరే తేవాలె."

మరునాడు పెళ్లికొడుకు మేనత్త చెంబెడు పసుపునీళ్లు సూటిగా కెమెరా ముఖానే కొట్టింది.  నాగరాణి గబగబా ఫిల్టరు విప్పి చూసింది. లోపల లెన్సు నిగనిగలాడుతోంది! ఫిల్టరు తుడిచి మళ్లీ బిగించింది.

"ఇంకా కొట్టున్రి అత్తా!" అని ముందుకే ఉరికింది.

ఆల్బం ఇచ్చాక షాపుకు వచ్చి ఫిల్టరు అతని చేతిలో పెట్టింది.

"అంచుకు పసుపు పోతలేదు. ఇంకో పొరపాటు గూడ అయింది. కెమెరా మెమరీ కార్డుల నీ ఫొటోలు తీసెయ్యలే. పెండ్లి ఫొటోలల్ల కలిసిపోయినయ్."

"అయ్యో! పెండ్లోళ్లు తిట్టిన్రా?"

"నవ్విన్రు. ఇంకో పెండ్లికి పిలిచిన్రు. ఇంట్ల ఫొటోలు చూసి మా అమ్మ నన్ను పట్టుకున్నది. ఆరతి పట్టుకున్న ఈ పిలగాడు ఎవరి దిక్కోడు, పిల్ల దిక్కా, పిలగాని దిక్కా అని."

"ఏం చెప్పినవ్?" మేడం అన్న పిలుపు ఎటుపోయిందో అతనికే తెలియలేదు.

 నాగరాణి చూపు తిప్పుకోలేదు. అనాలనుకుని వచ్చింది, అనకుండా పోయే రకం కాదు.

"నా దిక్కోడు అన్న. నువ్వంటే ఇష్టమని గూడ చెప్పిన. ఐతారం ఇంటికి తోల్కరమ్మన్నది. వస్తవా?"

"వస్త," అన్నాడు పృథ్వీరాజ్. "పళ్లెం పట్టినప్పటి సంది నాకు గూడ ఇష్టమే."

ఎవరూ చెప్పకుండానే అతని తల వంగింది.

"గట్లనే ఉండు," అంటూ నాగరాణి కెమెరా ఎత్తింది.