ఉపగ్రహం వేషంలో చీమ

"మీ ఆయన అమ్ముడుపోయాడు," అన్నాడు బాబాయ్. "కాఫీ చెప్పనా?"

చీమ అక్కర్లేదంది.

గూఢచారి శాఖలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. టైర్ల గోడౌన్ వెనక, కిటికీ లేని గదిలో, రబ్బరు వాసన మధ్య కూర్చుని ఊళ్లోవాళ్ల బతుకులు తిరగెయ్యడం ఆయన ఉద్యోగం. చీమ అన్నది ఆమె కోడ్‌నేమ్. ఎంత సన్నటి సందులోనైనా దూరుతుంది. కుట్టేదాకా ఉన్నట్టు తెలియదు. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. తన భార్య ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తోందని భర్త నమ్మకం. సాయంత్రం అతను "ఇవాళ ఎవరి ప్రాణాలకు భరోసా ఇచ్చొచ్చావు?" అని అడిగితే ఆమెకు ఎంత ముద్దొస్తుందో చెప్పలేం.

"ఆధారం ఉందా, బాబాయ్?"

"తుఫానుల ఉపగ్రహం తెలుసుగా. సముద్రం మీద గాలి ఎక్కడ సుడి తిరిగినా ముందు చూసేది అదే. ఇవాళ విదేశీ కంపెనీల కూటమి దాన్ని చంపబోతోంది. ఆ తర్వాత వాళ్ల ఉపగ్రహం చూసిన తుఫానుల్ని మనకు అద్దెకిస్తారు."

"మన కన్ను పొడిచి మనకే కళ్లజోడు అమ్ముతారన్నమాట."

"వ్యాపారస్తులు, తల్లీ. క్షిపణులూ అవీ ఏం అక్కర్లేదు. కంట్రోల్ రూమ్ నుంచి ఒక్క కమాండ్ వెళితే చాలు, ఇంధనమంతా శూన్యంలోకి చిమ్మేస్తుంది. ఆ తర్వాత అది ఉపగ్రహం కాదు, ఆకాశంలో ఇనుప సామాను. ఆ కమాండ్ పంపే కుర్చీలో కూర్చునేది ఎవరు?"

ఆ కుర్చీ తెచ్చిపెట్టిన నడుం నొప్పికి రోజూ మందు రాసేది చీమే.

"ఎవరిచ్చారు ఈ కబురు?"

"కోయిల. కూటమిలో మన మనిషి. వాళ్ల తరఫున ఇన్నోవేషన్ సలహాదారు వేషంలో ఆ కంట్రోల్ రూమ్ ఉన్న కేంద్రంలోనే తిరుగుతోంది. ఇవాళ అక్కడ సహకార దినం. విదేశీ అతిథుల ముందు ఉపగ్రహం నకలు మీద ఒక రిహార్సల్ చేస్తారు. ఆ సందడిలో మీ ఆయన అసలుదానికే కమాండ్ పంపేస్తాడట."

"రిహార్సల్ ఆపించెయ్యండి."

"ఆపిస్తే రేపు ఇంకో దారి చూసుకుంటారు. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలి." బాబాయ్ బల్ల మీద ఒక సన్నటి గొట్టం పెట్టాడు. "మత్తు సూది. అతని చెయ్యి బటన్ మీదికి వెళితే మెడలో దించు. నీకు కష్టమనిపిస్తే చెప్పు, ఇంకొకర్ని పంపిస్తా."

"ఆ ఇంకొకరు సూది పట్టుకెళతారా, తుపాకీ పట్టుకెళతారా?"

బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నేనే వెళతాను," అంది చీమ. "ఏ వేషం?"

ఆయన కాస్త సిగ్గుపడుతూ బీరువా తెరిచాడు.

*

దేశ రక్షణలో ఆరితేరిన ఏజెంటు, కళ్లకు గంతలు కట్టినా తుపాకీ విప్పి బిగించగల మనిషి, మరో గంటకు స్పాంజి ఉపగ్రహంలో నిలబడి అతిథులతో ఫొటోలు దిగుతోంది. ఒళ్లంతా బంగారు రంగు కాగితం. రెండు పక్కలా తలుపుల్లో పట్టని సోలార్ రెక్కలు. నెత్తిన ఆంటెన్నా, ఆంటెన్నాలో సూది. పొట్ట మీద నవ్వు మొహం. ఆ నవ్వు మొహం నోట్లో ఉన్న వల గుడ్డలోంచి ఆమె లోకాన్ని చూస్తోంది. కనిపించిన లోకం చూడదగ్గదిగా లేదు.

ఒకప్పుడు ఆ కేంద్రంలో పని జరిగేది. రెండు గదులు, మధ్యన మందపాటి గోడ. ఒక గది అసలు ఉపగ్రహానికి. అందులో దగ్గాలన్నా పక్కవాణ్ణి అడిగి దగ్గేవాళ్లు. రెండోది కంప్యూటర్‌లో ఉండే నకలుకి. అందులో ఎన్ని వెధవ పనులైనా చేసి నేర్చుకోవచ్చు, ఎవరి కొంపా మునగదు. ఆ తర్వాత కొత్త డైరెక్టర్ వచ్చాడు. ఉపగ్రహానికి తలెటో తోకెటో ఆయనకు తెలియదు గానీ సహకారమంటే ప్రాణం. కోయిల సలహా మీద గోడ కూలగొట్టించాడు. అసలుకీ నకలుకీ కలిపి ఒకే వరస బల్లలు వేయించి, ఏది కావాలంటే దానికి మారడానికి ఒక మీట పెట్టించాడు. దీనికి ఇన్నోవేషన్ అని పేరు. మందూ విషమూ ఒకే సీసాలో పోసి మూత మార్చుకోమనడం లాంటిది. మిగిలిన చోటులో రంగురంగుల మెత్తటి మూటలు పడేశారు, కూర్చుని ఆలోచించడానికట. వాటిలో కూర్చున్నవాళ్లు ఆలోచించినట్టు దాఖలా లేదు, లేవడానికే ఇద్దరి సాయం కావాలి. ఆ ఒక్క విషయంలో మాత్రం సహకారం వర్ధిల్లింది.

"మనందరం ఒక ఆర్కెస్ట్రా," అంటున్నాడు డైరెక్టర్ మైకులో. "ఒకరి స్వరం ఇంకొకరిది."

"ఒకరి జీతం ఇంకొకరిదైతే తెలుస్తుంది," అంది పెద్దక్క, మైకుకి అందకుండా. షిఫ్టుకి ఆవిడే అధిపతి. జుట్టు నెరిసిన మనిషి, హాల్లో అందరికీ పెద్దక్కే. ప్రమాదకరమైన కమాండ్ ఏదైనా వెళ్లాలంటే ఇంజనీరు బటన్ నొక్కాలి, ఆ వెంటనే పెద్దక్క తాళం తిప్పాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే అది గడప దాటుతుంది. ఇవాళ ఆ తాళం చెవి ఆవిడ దగ్గర తీసుకుని అతిథి మర్యాదగా కోయిల చేతిలో పెట్టారు.

చీమ భర్త తన బల్ల దగ్గర, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. కాలరు ఒక పక్క లోపలికి మడతపడి ఉంది. సరిచేద్దామని ఆమె చెయ్యి దానంతటదే లేచింది. లేచింది సోలార్ రెక్క. అది వెళ్లి ఒక విదేశీ అతిథి టీ కప్పుకి తగిలింది.

"ఇదొకటి అడ్డం," అన్నాడు భర్త తలెత్తకుండా. "పక్కకి జరగమ్మా కాస్త."

అప్పుడు కోయిల వచ్చింది. మబ్బు రంగు పట్టు కోటు, మనిషి కంటే ముందు వచ్చే అత్తరు, ఫొటోల కోసమే తయారు చేసినట్టున్న నవ్వు. ఉపగ్రహం భుజం మీద చెయ్యి వేసి కెమెరా వైపు తిరిగింది.

"చంద్రుడి మీద అద్దెలెలా ఉన్నాయి?" అంది పెదాలు కదపకుండా.

"ఇల్లు చవకే, నీళ్లకే ఇబ్బంది." కోడ్ మాటలు రాసేవాడెవడో గానీ వాడికి చెయ్యడానికి వేరే పని లేదు.

"అతను బటన్ నొక్కాక దించు సూది. ముందు దించితే నేరం రుజువు కాదు."

"నొక్కాక ఉపగ్రహం మిగలదు గదా."

"తాళం నా దగ్గరుంది. నేను తిప్పితేగా." కోయిల ఇంకో కెమెరాకి నవ్వింది. "కొత్త పెళ్లికూతురివట. బాధపడకు. మంచివాళ్లని అనుకున్నవాళ్లే ముందు అమ్ముడుపోతారు."

చీమ లోపల పళ్లు నూరుకుంది. స్పాంజి మందంగా ఉండబట్టి బయటికి వినపడలేదు.

*

రిహార్సల్ మొదలైంది. పెద్ద తెర మీద అక్షరాలు: నకలు. అదే సైజులో, అదే రంగులో, ఒక్క మీట మార్చితే అసలు అని వస్తుంది. ఇంధనం గొట్టం పేలిపోయినట్టు ఊహించుకోవాలి. ఇంధనమంతా వదిలేసి, ఆ తర్వాత అన్ని దేశాలవాళ్లూ చెయ్యీ చెయ్యీ కలిపి ఉపగ్రహాన్ని ఎలా కాపాడతారో అతిథులకు చూపించాలి. అసలు ఉపగ్రహం మీద ఈ మాట ఎవడైనా అంటే పెద్దక్క వాణ్ణి మెట్ల మీంచి దొర్లించేది. నకలు కాబట్టి ఆవలిస్తూ కూర్చుంది.

చీమ భర్త వెనక నిలబడింది. ఆంటెన్నా అతని మెడకు జానెడు దూరంలో ఉంది. ఆ మెడ మీద చిన్న పుట్టుమచ్చ ఒకటి. సూది దిగితే జైలు. దిగకపోతే, కోయిల మాట నిజమైతే, సముద్రం మీద ఉన్న ఏ పడవకీ రేపటి నుంచి కబురు అందదు. నిజమా? ఇంట్లో చీమలమందు చల్లడానికి కూడా చెయ్యి రాని మనిషి. కానీ మంచివాళ్లలా ఉండే ద్రోహుల్ని ఆమె చాలామందినే చూసింది. అందులో ఇద్దరిని స్వయంగా పట్టుకుంది.

"కమాండ్ సిద్ధం," అన్నాడు భర్త.

అతని గొంతులో వణుకు లేదు. పైగా విసుగు. ఇంటికెళ్లి కాళ్లు బార్లా చాపుకోవాలనుకునే వాడి గొంతు.

చీమ కాస్త పక్కకి తిరిగి వల గుడ్డలోంచి కిటికీ వైపు చూసింది. అద్దాల బయట, గుట్ట మీద, ఉపగ్రహంతో రాత్రీపగలూ మాట్లాడే పెద్ద తెల్లటి గిన్నె. దాని మీద వాన మొదలైంది. మందపాటి అద్దాలు, చప్పుడు లోపలికి రాదు. హాల్లో అందరి మొహాలూ వేదిక వైపే ఉన్నాయి. జల్లు చిక్కబడి గిన్నె అంచు మసకబారింది.

భర్త బల్ల మీద, ఒక చిన్న తెరలో, సిగ్నల్ చూపించే ఆకుపచ్చ గీత వణికింది. కిందికి జారింది.

మొన్న బాల్కనీలో ఒకే దుప్పటి ఇద్దరూ కప్పుకుని వాన చూస్తుంటే, "మనకి హాయిగానే ఉంది గానీ మా గిన్నెకి జలుబు చేస్తుంది. వాన అడ్డొస్తే సిగ్నల్ నీరసపడుతుంది" అన్నాడతను. అప్పుడామె విన్నది మాటలు కాదు, గొంతు. మాటలు ఇప్పుడు వినపడ్డాయి.

గిన్నె తడిస్తే సన్నబడేది ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్. కంప్యూటర్ పెట్టెలో పుట్టిన నకలుకి గుట్ట మీద వానతో ఏం పని? తెర మీద ఏ పేరు రాసి ఉన్నా, ఆ గీత చివర ఉన్నది అసలు ఉపగ్రహం. ఆ సంగతి భర్తకు తెలియదు. ఆ మీట పెట్టించి, తాళం చెవి చేతపట్టిన కోయిలకు తెలుసు.

భర్త బొటనవేలు బటన్ నొక్కేసింది. తెర మీద ఎర్రగా వచ్చింది: రెండో తాళం కోసం ఎదురుచూపు.

"సూది," అంది చీమ చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లోంచి బాబాయ్ గొంతు. "దించు, తల్లీ."

"ఏవండీ," అంది ఉపగ్రహం. "బయట వాన పడుతోంది."

హాలంతా తిరిగి చూసింది. ఉపగ్రహాలు ఇంజనీర్లను ఏవండీ అనడం అక్కడెవరూ ఎరగరు. భర్త ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగాడు. వానను చూశాడు. గీతను చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఆ మొహం చూశాక చీమకు ఇక ఏ రుజువూ అక్కర్లేకపోయింది.

"పెద్దక్కా, ఇది అసలుది. మనం అసలుదాని మీద ఉన్నాం."

"రద్దు," అంది పెద్దక్క, ఆవలింత మధ్యలోంచే. "అందరూ ఎక్కడివాళ్లక్కడ. నువ్వు వాల్వులు పట్టుకో. అటు నువ్వు లింకు తెంచు."

"రద్దు కొడుతున్నా. ఏడు సెకన్లు కావాలి."

"వాల్వులు నా చేతిలో."

"లింకు తెంపుతున్నా."

ఉపన్యాసాలు లేవు, ఆర్కెస్ట్రా లేదు. ఒకరు సగం చెప్పేలోపు ఇంకొకరు మిగతా సగం చేసేస్తున్నారు. కానీ కోయిలకు ఏడు సెకన్లు అక్కర్లేదు. ఫొటోల నవ్వు చెక్కుచెదరకుండా తాళం చెవి రంధ్రంలో దూర్చి మణికట్టు తిప్పబోయింది.

చీమ దూకింది. దూకానని ఆమె అనుకుంది, నిజానికి రెక్కలు రెండు బల్లల మధ్య ఇరుక్కున్నాయి. ఒళ్లంతా బలం చేసి లాగితే ఎడమ రెక్క విరిగింది, మిగతా ఉపగ్రహం బోర్లా వెళ్లి మబ్బు రంగు పట్టు కోటు మీద పడింది. ఆంటెన్నా కోయిల భుజంలో దిగింది. తాళం చెవి సగం తిరిగి ఆగింది.

"రద్దయింది," అన్నాడు భర్త.

గీత వానలో వణుకుతూనే ఉంది. బతికున్నదే వణుకుతుంది.

డైరెక్టర్‌కి ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థం కానప్పుడు చప్పట్లు కొట్టడం ఆయన అలవాటు. "చూశారా, ఇదీ సహకారం," అన్నాడు మైకులో. అతిథులు కూడా కొట్టారు. మెత్తటి మూటల్లో కూర్చున్నవాళ్లు లేచి నిలబడి కొడదామనుకున్నారు గానీ వల్ల కాలేదు.

"కోయిల మన మనిషే అనుకున్నాను," అంది చెవిలో బాబాయ్ గొంతు.

"ఎవరి గూట్లో గుడ్డు పెడుతోందో చూసుకోవాల్సింది, బాబాయ్."

కాపలావాళ్లు కోయిలను చెరో చెయ్యీ పట్టుకుని మోసుకెళ్లారు. నిద్రలోనూ నవ్వుతూనే ఉంది.

*

సామాన్ల గదిలో చీమ ఉపగ్రహం తల ఊడదీసి, చెమట తుడుచుకుంటుంటే తలుపు తెరుచుకుంది. భర్త లోపలికి వచ్చి తలుపు వేశాడు. కాలరు ఇంకా మడతపడే ఉంది.

"ఇన్సూరెన్స్ ఆఫీసుకి సెలవా?" అన్నాడు.

ఆమె చెవిలో బాబాయ్ దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం: నిజం చెప్పావో, ఉద్యోగం మాట అటుంచి, ఇతన్ని కూడా ఏదో ఒక ఫైలులో పెట్టాల్సి వస్తుంది.

"అది కాదండీ," అంది చీమ. జీవితంలో మొదటిసారి ఆమెకు అబద్ధం దొరకలేదు.

"నాకు తెలుసులే." అతను పక్కనే ఒక పెట్టె మీద కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ మేడమ్ నా బల్ల చుట్టూ తిరుగుతోందని ఎవరో కబురు మోసుంటారు నీకు. పెద్దక్కేనా?"

చీమ మిగిలిన రెక్క విప్పి గోడకి ఆనించింది.

"ఆ మేడమ్ దొంగ అని తేలింది, అది వేరే సంగతి. నీకేం తెలుసు పాపం, నువ్వు నీ కారణంతో పడ్డావు. కానీ మరీ అంత గట్టిగా పడాలటోయ్? మనిషి స్పృహ తప్పింది." మందలిద్దామనుకున్నాడు గానీ మొహం నిండా సంతోషం దాగడం లేదు. "నా కోసం ఇంత వేషం కట్టావా?"

"ఒప్పుకో," అన్నాడు చెవిలో బాబాయ్. "ఇది ఆర్డర్."

చీమ తల వంచుకుంది. "తప్పైపోయిందండీ. అనుమానం వచ్చింది."

దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు రాతి మీద చెక్కుతారు. దేశం కోసం అత్తవారింట్లో అనుమానప్పిశాచి అని పేరు తెచ్చుకున్నవాళ్లకి ఏం చెక్కుతారో శాఖ నిబంధనల్లో ఎక్కడా లేదు.