లేవనన్న నాగలి

గురువారం పొద్దున థోరా ఆవులకి మేత వేసి, కోళ్లని వదిలి, టీ కూడా తాగకుండా షెడ్డులోకి వెళ్లి ట్రాక్టరు స్టార్ట్ చేసింది. శనివారం నాగలి పోటీ. సముద్రం పక్క పొలం చెక్కలో ఇంకో నాలుగు చాళ్లు దున్ని చెయ్యి సాపు చేసుకోవాలని ఆమె ఆలోచన. ఫిబ్రవరి గాలి రేకుల మీద దడదడ కొడుతోంది. స్కాట్లండుకి ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి దాన్ని పట్టించుకోలేదు.

బూడిదరంగు పాత బండి రెండుసార్లు దగ్గి అందుకుంది. నాగలి వెనక తగిలించే ఉంది. సీటు పక్కనున్న చిన్న లివరును పైకి లాగింది. లాగగానే లిఫ్టు చేతులు రెండూ మెల్లగా లేచి నాగలిని పైకెత్తాలి. అవి కదల్లేదు. దించి మళ్లీ లాగింది. నాగలి నేలకి అతుక్కుపోయినట్టు అక్కడే ఉంది.

"ఏం రోగం నీకు?" అంది థోరా. మంగళవారం సాయంత్రం దాకా బంగారంలా పనిచేసింది. నిన్న తను కిర్క్‌వాల్ పట్నం బజారుకి వెళ్లి వచ్చేసరికి ఏమైంది దీనికి?

"పంపు పోయింది."

వెనక్కి తిరిగింది. షెడ్డు తలుపు దగ్గర భర్త ఎడ్విన్ నిలబడి ఉన్నాడు.

"చూడకుండానే చెబుతున్నావే!"

"చూడాలా? మా నాన్న కొన్న బండి. ఎన్నాళ్లని లాగుతుంది? ఇప్పుడు పంపు వెతికి తెప్పించాలంటే శనివారం దాకా ఎక్కడవుతుంది! ఫోన్ చేసి రావట్లేదని చెప్పెయ్. ఎవరూ ఏమనుకోరు."

"నేననుకుంటాను," అంది థోరా.

ఆయన ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆ పోటీల్లో ఎడ్విన్ పేరు తెలియనివాళ్లు ఆ దీవిలో లేరు. నాగలి చాలుని గోడ మీద గీత గీసినట్టు తీసేవాడు. కిందటేడు చలికాలంలో కుడిచేతికి వణుకు మొదలైంది. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు, మందులిచ్చాడు, మెల్లగా ముదురుతుందని కూడా చెప్పాడు. ఆరోజు నుంచి ఆయన పోటీ ఊసెత్తలేదు. ఈ ఏడాది పోటీకి పేర్లు తీసుకునే రోజున థోరా వెళ్లి తన పేరు రాయించుకుంది. మొగుడిని అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు. ఆ సంగతి తెలిశాక రెండు వారాలపాటు ఆ ఇంట్లో ఉప్పు ఇటివ్వమని అడగడానికి తప్ప మాటల్లేవు.

థోరా కోటు విప్పి పక్కన పడేసింది. ముందు ఆయిల్ పుల్ల తీసి చూసింది. ఆయిల్ నిండుగా ఉంది, రంగు మారలేదు. పంపును నడిపే లివరు వేసే ఉంది. ఇంజను తిరుగుతుండగా ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని పంపు ఉన్న పెట్టె మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. లోపల పంపు శుభ్రంగా తిరుగుతున్న చప్పుడు. బరువు ఎత్తలేకపోతోందేమోనని నాగలి విప్పేసి మళ్లీ లివరు లాగింది. ఉత్త చేతులు కూడా లేవలేదు. అరిగిపోయిన పంపయితే కనీసం కాస్త మూలుగుతుంది, ఒక అంగుళమైనా లేపి వదిలేస్తుంది. ఇది అసలు తనకి చెప్పనట్టే ఊరుకుంది.

అప్పుడు తట్టింది ఆమెకి. లివరు మరీ తేలిగ్గా కదులుతోంది. ఎప్పుడూ చేతికి కాస్త బరువు తగిలేది. ఇప్పుడు గాలిలో ఊపినట్టుంది.

"అంటే నా మాట నీదాకా రావట్లేదన్నమాట," అని ఇంజను ఆపేసింది.

ఇంతలో అత్తగారు ఇంగా ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో వెన్న రాసిన బార్లీ రొట్టెతో వచ్చింది. ఎనభై దగ్గర పడుతున్నా నడుం వంగలేదు ఆవిడకి.

"వాడు వంటింట్లో పేపరు తలకిందులుగా పట్టుకుని కూచున్నాడు," అంది. "ఏమైంది అమ్మాయ్?"

"లిఫ్టు లేవడం లేదత్తయ్యా. కుడి పక్క మూత విప్పి చూడాలి."

"ఆయిలంతా నేలపాలవుతుందే!"

"కుడి చక్రం జాకీ మీద ఎత్తితే ఆయిల్ ఎడమవైపు పోతుంది. మీ అబ్బాయి చెప్పిన కిటుకే."

"చెప్పినవాడు వచ్చి ఎత్తొచ్చుగా?"

"రానివ్వండి, రాకపోనివ్వండి. నేను ఎత్తుతాను," అంది థోరా, రొట్టె నోట్లో కుక్కుకుంటూ.

చక్రం పైకెత్తి, కింద దుంగ పెట్టి, పానా తీసుకుని మూత దగ్గర కూర్చుంది. బోల్టుల చుట్టూ రంగు మీద గీతలు కనబడ్డాయి. తెల్లగా మెరుస్తున్న కొత్త గీతలు. పాతబండికి గీతలకేం కొదవని బోల్టులు విప్పింది. మూత ఊడి వచ్చింది. టార్చి వేసి లోపలికి చూస్తూ ఎడమచేత్తో పై లివరు ఆడించింది. లివరు తాలూకు కడ్డీ ముందుకీ వెనక్కీ ఆడుతోంది. దాని పక్కనే, ఆయిల్‌ని లిఫ్టులోకి పంపే వాల్వు రాయిలా కూర్చుంది. రెంటినీ కలపాల్సిన పిన్ను లేదు.

లోపలికి జారి పడిందేమోనని అయస్కాంతం తాడుకి కట్టి అడుగంతా గాలించింది. ఏమీ దొరకలేదు. అయినా ఆ పిన్ను జారదు. దాని చివర్న చిన్న తీగలాంటి స్ప్లిట్ పిన్ను దూర్చి, రెండు కొసలూ విడదీసి వంచుతారు. ఎవరో ఒకరు పట్టకారుతో ఆ కొసలు నిటారుగా చేసి లాగితే తప్ప రాదు.

థోరా మళ్లీ మూత చేతిలోకి తీసుకుంది. ఆ గీతల వంక ఈసారి సరిగా చూసింది. ఒకటి కాదు, రెండు కాదు. ఒక్కో బోల్టు చుట్టూ పానా జారి, మళ్లీ పెట్టి, మళ్లీ జారిన గుర్తులు. ఒకచోట రంగు మీద ఎండిన రక్తపు మరక. నిన్న రాత్రి అన్నం దగ్గర ఎడ్విన్ వేలికి గుడ్డ చుట్టుకుని కనిపించాడు. ఏమైందంటే కంచె తీగ గీసుకుందన్నాడు.

కోపం వచ్చింది. పీకల దాకా వచ్చింది. మూత పట్టుకునే వంటింట్లోకి నడిచింది.

ఇంగా పొయ్యి దగ్గర ఉడికిన దుంపలు మెదుపుతోంది. ఎడ్విన్ బల్ల దగ్గర ఉన్నాడు. థోరా ఆయిలు కారుతున్న మూతని ఆయన ముందు పేపరు మీద పెట్టింది.

"పిన్ను ఏది?"

"ఏ పిన్ను?"

"ఏమయ్యా, ముప్పై ఏళ్లు కాపురం చేశాక నాతో ఆటలా? ఏది పిన్ను?"

ఎడ్విన్ మూత వైపు చూడలేదు. ఇంగా గరిటె ఆపేసింది.

"తీశాను," అన్నాడు చివరికి. "అయితే ఏమిటి? నా బండి. నా నాగలి. నన్నో మాట అడిగావా నువ్వు?"

"అడిగితే సరేననేవాడివా?"

"అనను! నువ్వక్కడ నా సీటులో కూర్చుని దున్నుతుంటే జనం నీ వంక చూస్తారు, తర్వాత నా వంక చూస్తారు. పాపం ఎడ్విన్ అంటారు. కుర్చీ వేస్తారు నాకు. కాళ్ల మీద దుప్పటి కప్పుతారు. ఆ పాపం అనే మాట నేను వినలేను థోరా!"

"అంటారు. అననీ. నేను బండి దిగి ఇంట్లో కూర్చుంటే నీ చెయ్యి నిలుస్తుందా?"

ఆయన మూతని పేపరుతో సహా పక్కకి నెట్టాడు.

"ఒరేయ్," అంది ఇంగా, "నువ్వు పుట్టకముందు మీ నాన్న నడుం విరగ్గొట్టుకుంటే ఆ సీటు మీద కూర్చుని విత్తనాల నేలంతా దున్నింది నేను. ఎవరన్నారురా అది నీ సీటని?"

"నువ్వాగమ్మా!"

"ఆగను. నా ఇంట్లో దొంగతనం చేసి నన్నాగమంటావా?"

థోరా కుర్చీ లాక్కుని మొగుడి ఎదురుగా కూర్చుంది. గీతలున్న వైపు మూతని ఆయన కేసి తిప్పింది.

"ఇవి చూశాను," అంది. గొంతు అంతకు ముందులా లేదు. "ఎంతసేపు పట్టింది?"

"నువ్వు గేటు దాటినప్పుడు మొదలెట్టాను. నువ్వొచ్చే కారు చప్పుడు వినబడేసరికి చివరి బోల్టు బిగిస్తున్నాను."

రోజంతా. ఒక్కడే, చల్లటి సిమెంటు మీద మోకాళ్లూని, జారిన పానాని మళ్లీ మళ్లీ పెడుతూ. థోరాకి కళ్లు మసకబారాయి. ఆయిలు చేతుల్తోనే తుడుచుకుంది.

"పది నెలలయింది నువ్వు పానా పట్టుకుని," అంది. "నేను బతిమాలాను. మీ అమ్మ బతిమాలింది. నా వల్ల కాదు, నా చేతులు పోయాయి అన్నావు. నన్ను ఆపడానికైతే వచ్చాయా చేతులు? మూత విప్పావు, గుండుసూదంత స్ప్లిట్ పిన్ను పీకావు, మళ్లీ చుక్క కారకుండా బిగించావు! ఈ చేతులు పనికిరావని ఎవరు చెప్పారు నీకు?"

ఎడ్విన్ గుడ్డ చుట్టిన వేలిని బల్ల కిందికి లాక్కున్నాడు.

"ఉంచుకో నీ పిన్ను," అంటూ లేచింది థోరా. "నేను శనివారం పోటీకి వెళ్తున్నాను. మేకు కోసి పెట్టుకుని అయినా వెళ్తాను."

అన్నట్టే షెడ్డులోకి వెళ్లి పెద్ద మేకు ఒకటి పనిబల్లకున్న వైసులో బిగించి కోయడం మొదలుపెట్టింది. సగం కోశాక పక్కన నీడ పడింది.

"అది మెత్తనిది. రెండు చాళ్లకి వంగిపోతుంది."

ఆమె ఆపలేదు. ఎడ్విన్ తెచ్చిన మూతని కింద పెట్టి, చెయ్యి చాపి ఆకురాయి పక్కన పిన్ను పెట్టాడు. వణుకుతున్న చేతిలోంచి అది బల్ల మీద టకటకమంటూ దిగింది.

"నువ్వే పెట్టు," అంది థోరా.

"నా వల్ల..."

"తీసినవాడివి పెట్టలేవా?"

ఆయన ట్రాక్టరు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిన్ను రంధ్రం దగ్గరకి వెళ్లి తప్పింది. రెండోసారీ తప్పింది. థోరా టార్చి పట్టుకుని నిలబడింది. సాయం పట్టాలని వేళ్లు లాగుతున్నా బిగపట్టుకుంది. ఎన్నోసారికో పిన్ను లోపలికి జారింది. ఎడ్విన్ గట్టిగా ఊపిరి వదిలి, "తీగ నువ్వు వంచు, నాకు కళ్లు సరిగా ఆనడం లేదు," అన్నాడు. కళ్లు ఎందుకు ఆనడం లేదో ఆమె అడగలేదు.

మూత బిగించి, చక్రం దించి, నాగలి తగిలించి ఇంజను వేశారు. లివరు లాగగానే చేతికి ఆ పాత బరువు తగిలింది. లిఫ్టు చేతులు రెండూ లేచాయి. నాగలి నేల వదిలి పైకొచ్చి ఆగింది.

శనివారం పోటీ పొలంలో గాలికి టోపీలు నిలవడం లేదు. అన్నిటికంటే కష్టం మొదటి చాలు. ఎదురుగా చివర్న ఒక గడకర్ర నిలబెట్టి, దాన్నే గురిచూసి సూటిగా రావాలి. రాతినేల కావడంతో కర్ర దిగలేదు. పోటీ పెద్ద ఒకాయన కర్ర అందుకోబోయాడు.

"నేను పట్టుకుంటాను. కూర్చో ఎడ్విన్."

"నువ్వు కూర్చో," అని ఎడ్విన్ కర్ర లాక్కుని పొలం చివరికి నడిచాడు.

అందరూ చూస్తుండగా రెండు చేతులతో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కర్ర కొస ఎడమకీ కుడికీ ఊగుతోంది.

"కర్ర ఊగుతోందయ్యా!" అన్నారెవరో.

"ఊగితే నీకేం?" అని అరిచాడు ఎడ్విన్. పొలమంతా వినబడింది. "దున్నేది మా ఆవిడ. ఎటు రావాలో ఆవిడకి తెలుసు!"

థోరా లివరు దించింది. నాగలి మట్టిలోకి దిగింది. ఊగుతున్న కర్రని వదిలేసి, దాని వెనక నిలబడ్డ మనిషిని గురిచూసి బండి నడిపింది. ఆయన కోటు బొత్తాలు కనబడేంత దగ్గరికొచ్చాక ఆపింది. ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు.

"మధ్యలో కాస్త వంకర పోయింది," అన్నాడు ఎడ్విన్.

"పోనీ," అంది థోరా. "వచ్చే ఏడాది సరిచేసుకుంటాను. కర్ర తీసుకుని పద, ఇంకా బోలెడు దున్నాలి."